ధనరాజు గారి చుట్టూ శ్రీలు

పోయినవాళ్ళ పేరు ముందు శ్రీ తీసేసి కీ.శే. పెట్టాలన్నది మా ప్రెస్సులో పనికి చేరినవాళ్ళకి మొదటి రోజే నేర్పే పాఠం. అలాంటిది ఐసు ఫ్యాక్టరీ ధనరాజు గారి పెద్దకార్యం కార్డు మా దగ్గర అచ్చై ఊళ్ళోకి వెళ్ళినప్పుడు, ఆయన ఫొటో చుట్టూ దండ వేసినట్టు శ్రీలే ఉన్నాయి. పై అంచున శ్రీ శ్రీ శ్రీ, కింది అంచున శ్రీ శ్రీ శ్రీ, రెండు పక్కలా నిలువుగా మళ్ళీ శ్రీలు. నడుమ మీసాలతో ధనరాజు గారు, ఎన్నికల్లో గెలిచిన మనిషిలా ఉన్నారు.

ఆ కార్డు పట్టుకుని ఆయన కొడుకు భరణి మా కోటబొమ్మాళి షాపు మెట్లెక్కే వేళకి నేను మా ఆయనకి క్యారేజీ తెచ్చి అక్కడే ఉన్నాను. అంచేత జరిగిందాన్ని ఒకరు చెబితే వినాల్సిన ఖర్మ పట్టలేదు.

"మా నాన్న పోయినాడని మీకంత సంతోషమేటండీ?" అన్నాడు భరణి. "మూలలకి పసుపు కూడా రాసీసి, మేళం పెట్టీసి పంచీవలసింది."

మా మావయ్య గారు భీమశంకరరావు గారు కార్డు అందుకుని కళ్ళజోడు పైకి తోసుకున్నారు. ఆయన ముఖంలో రంగు మారడం నేను చూశాను. మా ఇంట్లో శ్రీ అంటే అక్షరం కాదు, ఇంటి పెద్ద. వర్తకుడన్నవాడు లక్ష్మిని తలుచుకోకుండా కాగితం ముట్టుకోకూడదని ఆయన పట్టు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఫ్రిజ్ మీద 'పాలు తేవాలి' అని చీటీ అంటిస్తే, సాయంత్రానికల్లా దాని నెత్తిన ఎర్ర ఇంకుతో శ్రీ వెలిసింది. పాలు మాత్రం ఎప్పటిలా పలచగానే వచ్చాయి. అంత పట్టింపున్న మనిషి కూడా ఒక్క చావు కాగితం దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుంటారు. అక్కడ శ్రీ పడితే, ఈ చావు మాకు కలిసొచ్చింది అని చాటింపు వేసినట్టే.

"ఎవరు సేసినారిది?" అన్నారు మావయ్య గారు. అడగడం అందరినీ అడిగారు గాని, చూడడం ఒక్క కుర్చీ వైపే చూశారు.

ఆ కుర్చీలో దేవి ఉంది. భావనపాడు పిల్ల. వాళ్ళ నాన్న ఎర్రన్న సముద్రం మీద వేటకి వెళతాడు. తను టెక్కలిలో డిగ్రీ చదివి, పేజ్‌మేకర్ నేర్చుకుని, మా షాపులో కంప్యూటర్ పనికి చేరి ఏడాది దాటింది. చేతి వేగం ఎంతో నోటి వేగం అంత.

"విజయనగరం నుంచి మెయిల్లో ఫైలొచ్చిందండి. తెరిసినాను, ప్రింటిచ్చినాను. నానేటీ సెయ్యలేదు," అంది.

"ఆ ఫైలు విజయనగరంలో నేను పక్కన కూకుని సేయించినాను," అన్నాడు భరణి. "సుట్టూ పువ్వులు పెట్టించినాను. సన్నజాజుల్లాంటి పువ్వులు. అవి ఇక్కడికొచ్చి శ్రీలెలాగైపోయినాయి? ఈలోగా ఎవరి సెయ్యి పడ్డాదో నాకు తెలాలి."

అచ్చు వేసే ముందు ప్రూఫు చూసుకోమంటే, "అక్కడే సూసీసినాం, బేగి వేసీండి" అని ఫోన్లో అన్నది కూడా భరణే. ఆ మాట నాకు గుర్తుంది. కాని తండ్రిని పోగొట్టుకున్న మనిషికి అది గుర్తు చెయ్యడం మర్యాద కాదని ఊరుకున్నాను. మర్యాద వల్ల జరిగే నష్టాలు ఇలా ఉంటాయి.

"నువ్వు ఎవరి కూతురివి?" అని అడిగాడు భరణి.

"భావనపాడు ఎర్రన్న కూతుర్ని."

పోయిన వేసవిలో ఎర్రన్నకీ ధనరాజు గారికీ జరిగింది ఈ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. ఫ్యాక్టరీ వాళ్ళు లోపల బోలుగా ఉన్న ఐసు దిమ్మలు అంటగట్టారనీ, దాంతో పడవెడు చేప చెడిపోయిందనీ ఎర్రన్న గొడవకి వెళ్ళాడు. వెళ్ళినవాడు ఊరికే అరిచి రాలేదు. కుళ్ళిన వంజరం చేపల గంప ఒకటి తీసుకెళ్ళి, ధనరాజు గారి కారు వెనక సీట్లో పెట్టి, తలుపేసి, ఎండలో వదిలి వచ్చాడు. ఆ కారుని తర్వాత ఎవరూ కొనలేదు.

"అద్గదీ సంగతి," అన్నాడు భరణి.

మావయ్య గారు కార్డు బల్ల మీద బోర్లించారు. "రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదమ్మా."

దేవి సంచీ భుజానికి తగిలించుకుంది. ఏడవలేదు. గుమ్మం దగ్గర ఆగి, "పువ్వుల్ని శ్రీలు సేసే ఇద్దె నాకొస్తే, మీ షాపులో ఎందుకుంటానండి సావుకారు గారూ," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. మావయ్య గారు చెప్పులేసుకుని వీధి దాటారు. వీధికి అవతల జగన్నాధం గారి డీటీపీ సెంటరు ఉంది. వరసకి బావమరిది అయినా, ఆయన కొత్త ఫ్లెక్సు మిషను పెట్టిన దగ్గర్నుంచి ఈయన ఆ గడప తొక్కలేదు. అలాంటిది ఆ రోజు పనిగట్టుకుని వెళ్ళి, "ఎర్రన్న కూతురు ఫైళ్ళు పాడుసేస్తాది, జాగర్త," అని చెప్పి వచ్చారు. శత్రువుకి కూడా మేలు చేస్తున్నాననుకున్నారు కాబోలు.

మాఘమాసం. పెళ్ళిళ్ళ రోజులు. ఒప్పుకున్న శుభలేఖలు గుట్టగా ఉన్నాయి. కుర్చీ ఖాళీ. నేను పెళ్ళికి ముందు బీఎస్సీ తర్వాత కంప్యూటర్ కోర్సు ఒకటి చేసి ఉన్నానన్న సంగతి మా ఇంట్లో అందరికీ ఆ రోజు ఒక్కసారే గుర్తొచ్చింది. మర్నాడు వంట ముగించి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను.

కూర్చున్నాక నాకు చేతనైన పని మొదలుపెట్టాను. అనుమానించడం. ఇల్లు నడిపే ఆడదానికి అది చేతకాకపోతే పాలల్లో నీళ్ళే మిగులుతాయి.

మొదట దేవినే అనుమానించాను. నిజమే చెబుతున్నాను, ఆ పిల్ల మీద నాకు ఇష్టం ఉన్నా సరే. కాని కారణం మరీ అంత చక్కగా, కుట్టించిన జాకెట్టులా అమిరిపోతే నాకు నచ్చదు. పగ తీర్చుకునే మనిషి తన పేరు, తండ్రి పేరు అందరికీ తెలిసిన చోట కూర్చుని తీర్చుకుంటుందా? ఎర్రన్న కూతురు కాబట్టి తీర్చుకున్నా తీర్చుకుంటుంది. అక్కడే చిక్కు.

తర్వాత జగన్నాధం గారిని అనుమానించాను. మా షాపుకి చెడ్డపేరు వస్తే లాభం ఆయనకే. ఆయన ఆ వారమంతా మమ్మల్ని చూసి మరీ ఎక్కువగా నవ్వారు కూడా. కాని మా కంప్యూటర్ దగ్గరికి ఎలా వస్తారు? ఆయన పొట్ట మా సందు తలుపులోంచి పట్టదు.

మా ఆయన వెంకటేష్ మాత్రం ఎవరూ అడక్కుండానే, "వైరస్ అనూ, వైరస్. తప్పకుండా వైరసే," అన్నారు. మా ఆయనకి అబద్ధం ఆడడం రాదు. ఆడితే ఇలాగే రెండుసార్లు ఆడతారు. అప్పుడు ఆయన్ని కూడా నా వరసలో చేర్చాను.

శుభలేఖల ఫైళ్ళు ఎక్కడ పెట్టిందో తెలియక దేవికి ఫోన్ చేశాను. చెప్పవలసింది చెప్పింది. తర్వాత నేను అడక్కుండానే, "జగన్నాధం గారు నన్ను ఎప్పట్నుంచో రమ్మంటన్నారక్కా. మర్నాడు పొద్దున్నే ఎల్తే వద్దన్నారు. నరసన్నపేటలో అడిగితే అక్కడికి కూడా మాట ఎల్లిపోనాది. ఫైళ్ళు పాడుసేసే గుంట అంట నాను. ఎవలు కంప్యూటర్ ముట్టుకోనిస్తారు?" అంది.

"మీ నాన్నేమంటున్నాడు?"

"మా నాన్నకేటి, ఆడు సేసిన పని ఊరింకా మర్సిపోలేదని సంబరపడతన్నాడు. మా యమ్మే, ఇంక సాల్లే సదువు, ఎండుసేపల గంపెత్తుకో అంటన్నాది. గంపెత్తుకోడానికి నాకు సిగ్గు లేదక్కా. దొంగదన్న మాట పడి ఎత్తుకోడానికే సిగ్గు."

ఫోన్ పెట్టేశాను. తర్వాత చెయ్యవలసిన మొదటి పని చేశాను. దేవి తెరిచిన ఫైలు పక్కన పెట్టి, విజయనగరం నుంచి వచ్చిన మెయిల్లోకి వెళ్ళి అదే ఫైలు మళ్ళీ కొత్తగా దింపాను. దీని మీద దేవి చెయ్యి పడలేదు. పడింది నా ఒక్కదాని చెయ్యే.

తెరిచాను. ధనరాజు గారు. చుట్టూ శ్రీలు.

అంటే దేవి చెయ్యలేదు. జగన్నాధం గారూ చెయ్యలేదు. నేను అయితే చెయ్యలేదు, ఆ సంగతి నాకు ఖాయంగా తెలుసు. మరి ఆ భరణి పక్కన కూర్చుని చేయించాడే, ఆ విజయనగరం మనిషి చేశాడా? మాది విజయనగరమే. పుట్టింటి ఊరివాణ్ణి కాబట్టి వదిలిపెట్టే రకం కాదు నేను. ఫోన్ చేసి గట్టిగానే అడిగాను.

"అమ్మా, మా కాడ పువ్వులే ఉన్నాయి," అని అతను తన కంప్యూటర్ తెరని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపించాడు. నిజమే. చుట్టూ పువ్వులు. సన్నజాజుల్లాగే ఉన్నాయి పాపం. ఒక కీ నొక్కి పట్టుకుంటే వరసగా పడతాయట.

ఒకటే ఫైలు. అక్కడ పువ్వు, ఇక్కడ శ్రీ. రైల్లో వస్తుంటే దారిలో మారిపోయినట్టు.

"ఏ ఫాంటు వాడారు?" అని అడిగాను.

"సంపావతి అమ్మా. అందరూ వాడేదే."

మా దగ్గరా ఉంది చంపావతి. మా శుభలేఖలన్నీ ఆ అక్షరాల్లోనే పోతాయి. ఇక్కడే నాకు కొత్త అనుమానం పుట్టింది. అవతలివాళ్ళు వాడిన ఫాంటు మన దగ్గర లేకపోతే పేజ్‌మేకర్ ఊరుకోదు. ఈ ఫాంటు లేదు, బదులుగా ఏది పెట్టమంటావు అని తెర మీద అడుగుతుంది. ధనరాజు గారి ఫైలు తెరిచినప్పుడు నన్ను ఏమీ అడగలేదు. దేవినీ అడిగి ఉండదు. చంపావతి అనే పేరు కనిపించగానే, మనవాళ్ళే అనుకుని లోపలికి రానిచ్చేసింది. పేరు చూసి తలుపు తీసేది మనుషులే అనుకున్నాను, యంత్రాలు కూడా అంతేనన్నమాట.

"మీ చంపావతిని ఒకసారి నాకు పంపిస్తారా?" అన్నాను.

పంపించాడు. మా చంపావతిని ముందు పెన్‌డ్రైవ్‌లో భద్రంగా దాచాను. తర్వాత వాళ్ళదాన్ని మా కంప్యూటర్లో పెట్టబోతే ఒక ప్రశ్న వచ్చింది. ఈ పేరుతో ఫాంటు ఇప్పటికే ఇక్కడ ఉంది, దాన్ని తీసేసి దీన్ని పెట్టమంటారా అని. టీవీ సీరియల్ అయితే ఈపాటికి సంగీతం మారి, ముగ్గురి ముఖాలు వంతులవారీగా చూపించేవారు.

"వద్దు అనూ, నొక్కకు!" అని వెనక నుంచి మా ఆయన కేక.

అప్పటికే నొక్కేశాను. ఆయన కేక కాస్త ముందు వేసి ఉన్నా నొక్కేదాన్నే.

పేజ్‌మేకర్ మూసి మళ్ళీ తెరిచాను. ధనరాజు గారి చుట్టూ పువ్వులు. శుభ్రంగా, ప్రశాంతంగా. ఇక పక్కన సగం అయిన పాతపట్నం వాళ్ళ శుభలేఖ తెరిచి చూశాను. కార్డు నెత్తిన, నడిమధ్యలో, శ్రీ ఉండాల్సిన చోట ఒక సన్నజాజి పువ్వు కూర్చుని ఉంది.

"నాన్నగారి శ్రీ పోయింది," అన్నారు మా ఆయన.

నేను కుర్చీ వెనక్కి తిప్పాను. "కూర్చోండి," అన్నాను. "వైరస్ గారి సంగతి చెప్పండి."

చెప్పారు. మా మావయ్య గారి తండ్రి కాలం నుంచి మా ప్రెస్సులో ఒక సీసపు శ్రీ ఉండేది. తోక కిందికి దిగి, ఒంపు తిరిగి, మళ్ళీ పైకి లేచే శ్రీ. మా శుభలేఖలకి అదే గుర్తు. నేను అదేదో బొమ్మలా అతికిస్తారనుకున్నాను ఇన్నాళ్ళూ. అచ్చు మిషను పోయి కంప్యూటర్ వచ్చాక, నేను కాపురానికి వచ్చిన కొత్త రోజుల్లో, మావయ్య గారు ఆ శ్రీ ముద్రని కాగితం మీద దించి, మా ఆయన్ని వెంటేసుకుని విజయనగరం గంటస్తంభం దగ్గర ఫాంట్లు తయారు చేసే ఒకతని దగ్గరికి వెళ్ళారట. ఈ శ్రీని చంపావతిలో కలపాలి అన్నారట. కలపాలంటే ఉన్నవాటిలో ఒకటి తీసెయ్యాలి, ఏది తియ్యమంటారు అని అతను అడిగితే, మావయ్య గారు అక్షరాలన్నీ ఓపిగ్గా చూసి, ఒక దాని మీద వేలు పెట్టి, "ఈ పువ్వెందుకు? వేపారంలో పువ్వుతో పనేటి? ఇది తీసీ," అన్నారట.

"పేరు మార్చమని ఆ మనిషి చెప్పలేదా?" అన్నాను.

"చెప్పాడు. పేరు మారిస్తే పాత ఫైళ్ళు తెరిచినప్పుడల్లా కంప్యూటర్ ప్రశ్నలు వేస్తుందని కూడా చెప్పాడు. నాన్నగారు వద్దన్నారు. ప్రశ్నలు వెయ్యడానికి ఇంట్లో ఒకరు చాలు అన్నారు."

కాపురానికి వచ్చిన కొత్తలో నేను అంత ఎక్కువ ప్రశ్నలు వేసిన గుర్తు లేదు. అయినా అది తర్వాత తేల్చుకోవలసిన విషయం.

"ఇదంతా తెలిసి, ఆ పిల్లని పొమ్మంటుంటే బెల్లంకొట్టిన రాయిలా నిలబడ్డారా?"

"తెలిసి కాదు అనూ. అనుమానం వచ్చింది. ఆ పువ్వు అనే మాట భరణి నోట వినగానే వచ్చింది. రూఢి లేకుండా నాన్నగారి శ్రీ మీద మాట ఎలా అంటాను?"

"దేవి మీద మాట రూఢి అయ్యాకే అన్నారా?"

ఆయన పెన్‌డ్రైవ్ వైపు చూశారు. "పాతది మళ్ళీ పెట్టెయ్, నాన్నగారు వచ్చే వేళైంది."

పెట్టలేదు. పాతపట్నం వాళ్ళ శుభలేఖ అలాగే, పువ్వుతోనే, ప్రూఫు తీశాను. బయటి నుంచి వచ్చిన రెడీ ఫైళ్ళు తప్ప, షాపులో ప్రతి ప్రూఫు మా మావయ్య గారు స్వయంగా చూస్తారు. చూడడం పైనుంచి మొదలుపెడతారు. సాయంత్రం కాఫీ గ్లాసుతో పాటు ఆ కాగితం బల్ల మీద పెట్టి, పక్కకి వచ్చి కవర్లు సర్దుతున్నట్టు నిలబడ్డాను.

కాఫీ ఒక గుక్క తాగారు. రెండో గుక్క నోటిదాకా వెళ్ళి ఆగింది.

"ఎవరిదీ పని? శ్రీ ఎవరు తీసీసినారు?"

"ఎవరూ తియ్యలేదండి," అన్నాను. "దేవి కూడా లేదు కదా ఇప్పుడు."

"మరి ఈ పువ్వేటి?"

"చంపావతిలో అక్కడ ఉండేది పువ్వేనట మావయ్య గారూ. విజయనగరంలో అందరి దగ్గరా పువ్వే ఉందిట. మన దగ్గర ఒక్కచోటే శ్రీ. ఎందుకో మరి."

మావయ్య గారు వర్తకులు. లెక్క ఒక వైపు నుంచి చెబితే రెండో వైపు వాళ్ళంతట వాళ్ళే చూసుకుంటారు. గ్లాసు కింద పెట్టారు. ఆ కాగితం చూశారు. డ్రాయరు లాగి, బోర్లించి పెట్టిన ధనరాజు గారి కార్డు తీసి దాని పక్కన పెట్టారు. చాలాసేపు రెండిటినీ మార్చి మార్చి చూశారు. శ్రీల తోకలు ఒంపు తిరిగి పైకి లేచి ఉన్నాయి. ఆ ఒంపు ఇంకెవరి దగ్గరా లేదు.

"అంటే ఈ ధనరాజు సుట్టూ ఉన్నవి..."

"మీ శ్రీలే మావయ్య గారూ."

ఆయన మా ఆయన వైపు తిరిగారు. "నువ్వు ఆ రోజు నా పక్కనే ఉన్నావు కదరా. సెప్పలేదేం?"

"మీరు అడగలేదు నాన్నగారూ."

ఇద్దరూ ఒకరి మీద ఒకరు అనుమానం చూపులు చూసుకున్నారు. మా ఇంట్లో ఆ చూపులు ఎప్పుడూ నా కోసం కేటాయించి ఉండేవి. పక్కనుంచి చూస్తే అవి అంత బాగోవని తెలిసింది.

ఇంటికి వచ్చి, రాత్రి వంటకి పిండి కలుపుతూ ఉంటే మావయ్య గారు వంటింటి గుమ్మంలోకి వచ్చారు. "ఆ పిల్లకి ఫోన్ సేసి రేపు రమ్మను," అన్నారు. పొరపాటు అన్న మాట ఆయన నోట రాలేదు. ఆ మాట ఆ ఇంట్లో ఎవరి నోటా నేను ఇంతవరకు వినలేదు.

ఫోన్ చేశాను. సంగతంతా చెప్పి, రేపు రమ్మంటున్నారని చెప్పాను. వేళ్ళకి పిండి ఉంటే ఎక్కడెక్కడో తగులుతుంటాయి. స్పీకరు ఆన్ అయింది.

"పువ్వుని శ్రీ సేసింది సావుకారు గారంట, మాట పడింది నా మీదంట," అంది దేవి. గొంతు వంటింటి గోడలకి తగిలి మోగింది. "ఆయన వీధి దాటి ఎల్లి మరీ సెప్పొచ్చినారు కదక్కా. మళ్ళీ వీధి దాటమనండి. బజార్లో పడ్డ మాట బజార్లోనే తియ్యాలి. అలాగైతే వస్తాను. ఇంట్లో కూకుని రమ్మంటే రాను. గంపెత్తుకుని అమ్ముకుంటాను గాని, ఆ పేరు మోసుకుని ఆ కుర్సీలో కూకోను."

మావయ్య గారు దగ్గారు. ఆ దగ్గు ఫోన్లోకి కూడా వెళ్ళి ఉంటుంది, ఎందుకంటే దేవి ఒక్క క్షణం ఆగింది. ఆగి, "ఇదే నా మాటక్కా," అని మళ్ళీ ఇంకా గట్టిగా చెప్పి పెట్టేసింది.

"ఏటంటాది?" అన్నారు మావయ్య గారు, వినపడనట్టు.

"ఆలోచించుకుంటుందట," అన్నాను నేను, చెప్పనట్టు.

మర్నాడు పొద్దున్న షాపు తెరిచాక ఆయన మెట్ల మీద నిలబడ్డారు. మా వీధి పెద్ద వెడల్పేమీ కాదు. ఆటో ఒకటి వస్తే సైకిలు మనిషి కాలు కింద పెట్టాలి. ఒక ఆటో వెళ్ళేదాకా ఆగారు. తర్వాత టెక్కలి బస్సు వెళ్ళేదాకా ఆగారు. తర్వాత వీధిలో ఏమీ లేదు, అప్పుడు కూడా ఆగారు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని, తెర వైపు చూస్తున్నట్టు ఉండి కిటికీలోంచి చూస్తున్నాను. మొత్తానికి ఉత్తరీయం భుజం మీద సర్దుకుని దాటారు.

జగన్నాధం గారి షాపులో అప్పటికే నలుగురు జనం ఉన్నారు. మావయ్య గారి గొంతు ఇవతలికి వినపడింది.

"ఒరే జగన్నాధం, ఆ పిల్ల ఏ ఫైలూ పాడుసెయ్యలేదు. తప్పు నా ఫాంటుది."

"ఫాంటు తప్పు సేస్తాదేటి బావా? ఎవలో ఒకలు సేయిస్తేనే కదా సేస్తాది?" జగన్నాధం గారు ఇలాంటి రోజు కోసమే ఫ్లెక్సు మిషను కొన్నట్టు ఆనందంగా ఉన్నారు.

"నేనే సేయించినాను. సాలా?"

"ఇంకొంచెం గట్టిగా సెప్పు బావా, మిషను సప్పుడులో ఇనపడతల్లేదు."

"నేనే సేయించినానురా! ఆ పిల్లది ఏటీ లేదు!" బస్టాండు దాకా వినపడేలా అన్నారు మావయ్య గారు. అవతల టీ కొట్లో గ్లాసులు కడుగుతున్న మనిషి కూడా తల ఎత్తాడు.

"అలాగైతే ఆ గుంట పనిమంతురాలే. నేనెట్టుకుంటాను బావా."

"అదేటీ కుదర్దు. అది నా షాపు పిల్ల."

వచ్చేటప్పుడు ఆయన బస్సు కోసం గాని ఆటో కోసం గాని ఆగలేదు.

పువ్వులతో మళ్ళీ అచ్చు వేసిన కార్డులు తీసుకుని ధనరాజు గారి ఇంటికి కూడా ఆయనే వెళ్ళారు. మా ఆయన తోడు వెళ్ళి వచ్చి చెప్పారు. భరణి ముఖం ముడుచుకునే కార్డులు తీసుకున్నాడట. ధనరాజు గారి భార్య లక్ష్మీనరసమ్మ గారు మాత్రం పాత కార్డు ఒకటి దేవుడి గూట్లో పెట్టుకుని ఉన్నారట. "పోన్లెండి అన్నయ్య గారూ," అన్నారట. "బతికున్నన్నాళ్ళూ ఆయన్ని ఒక్కడూ శ్రీ పెట్టి పిలిస్తే ఒట్టు. పోయినాకైనా అన్ని శ్రీలొచ్చినాయి." ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి మావయ్య గారు లేచి వచ్చారట.

దేవి ఆ మర్నాడు వచ్చింది. వచ్చి కుర్చీలో కూర్చుని, నేను అటూ ఇటూ చేసి పెట్టిన ఫైళ్ళన్నీ చూసి, "ఓలమ్మ, వారం రోజులకే ఇలాగెట్టినారేటక్కా," అంది. నేను క్యారేజీ దగ్గరికి నా స్థానంలోకి వెళ్ళిపోయాను.

మా ఫాంటుకి వేరే పేరు పెట్టక తప్పదని దేవి పట్టుపట్టింది. మావయ్య గారు కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి పేరు చెప్పారు. శ్రీ చంపావతి. ఇంకేం చెబుతారనుకున్నామో మాకే తెలియదు. గంటస్తంభం దగ్గరి మనిషి పేరు మార్చి పంపించాడు. ఇప్పుడు పాత శుభలేఖ ఏది తెరిచినా కార్డు నెత్తిన పువ్వు కనిపిస్తుంది, దేవి ఫాంటు మార్చి శ్రీని రప్పిస్తుంది. బయటి నుంచి ఫైలు ఏది వచ్చినా మావయ్య గారు కుర్చీ లాక్కుని వచ్చి పక్కన కూర్చుంటారు. ప్రతి పువ్వునీ అనుమానంగా చూస్తారు.

అంతా సద్దుమణిగింది గాని నాకు ఒకటి మిగిలిపోయింది. ఒకరోజు షాపులో మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగేశాను.

"దేవీ, ఫాంటు సంగతి సరే. ఆ కార్డు ప్రింటు ఇచ్చింది నువ్వు. ధనరాజు గారి చుట్టూ అన్ని శ్రీలు ఉంటే నీ కంటికి ఒక్కటీ కనబడలేదా?"

దేవి తెర మీంచి చూపు తిప్పలేదు. "రెడీ ఫైలొస్తే ముట్టుకోకు, వచ్చింది వచ్చినట్టు అచ్చెయ్యి అని సావుకారు గారే సెప్పినారు కదక్కా."

"అడిగింది అది కాదు."

ఒక అక్షరం కొట్టింది. చెరిపింది. మళ్ళీ అదే కొట్టింది.

"అక్కా, ఆ రోజు ఫోను స్పీకరు నిజంగా వేలు తగిలే ఆనయ్యిందా?"

"చేతికి పిండి ఉంది," అన్నాను.

"నాకూ ఆ రోజు కంట్లో నలుసు పడ్డాదక్కా," అంది దేవి, ప్రింటు మీట నొక్కుతూ.